పాత ఫోటోల పెట్టె
(అరకులో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదవీ విరమణ తర్వాత కాలక్షేపం గురించి ఎవరైనా మాట్లాడితే బాగుంటుందని కార్యదర్శి గారు అన్నారు. నాకు ముందు మాట్లాడిన మిత్రులు రక్తపోటు గురించి, ప్రాణాయామం గురించి చెప్పారు. డి.ఏ. బకాయిల గురించి మధ్యాహ్నం ఎలాగూ చెబుతారు. కనుక నేను ఈ మూడింటికీ సంబంధం లేని విషయం చెబుతాను. నేను పాత ఫోటోలు పోగుచేస్తాను. మా ఇంట్లో ఎవరి పెళ్ళి ఫోటోలో కావు. నూరేళ్ళు, నూటయాభై ఏళ్ళ కిందట ఎవరో తీసినవి, ఎవరెవరివో. మా ఆవిడ దీన్ని కాలక్షేపం అనదు. ఇంకో మాట అంటుంది, అది సభలో చెప్పేది కాదు.

నేను తపాలా శాఖలో చేరింది 1971లో. పాడేరులో, ఇక్కడ అరకులో, మళ్ళీ పాడేరులో, మొత్తం మీద తొమ్మిదేళ్ళు ఏజెన్సీలోనే గడిచింది. 1983లో శాఖ పనిమీద మద్రాసు వెళ్ళినప్పుడు మూర్ మార్కెట్టులో పాత పుస్తకాల కొట్టు ముందు ఒక బొమ్మల పోస్టుకార్డు దొరికింది. బేరమాడితే ఎనిమిది రూపాయలు. తపాలావాణ్ణి కదా, ముందు చూసింది బొమ్మ వైపు కాదు, స్టాంపు వైపు. ఏడో ఎడ్వర్డు తల. తిప్పి చూస్తే కొండవాలు, నలుగురు మనుషులు, వెనక గుడిసెలు. కింద ఇంగ్లీషులో విశాఖపట్నం కొండలు అని ఉంది. మరి రెండేళ్ళకి, 1985లో, ఆ మార్కెట్టే కాలిపోయింది. ఎన్ని కాగితాలు బూడిదయ్యాయో ఎవరు చెప్పగలరు?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కార్డు మీద ముద్ర ఏ తేదీది అంటే ఫోటో ఆ తేదీది అనుకుంటారు చాలామంది. ముద్ర చెప్పేది ఒక్కటే, ఫోటో అంతకు ముందుది అని. ఎంత ముందుది అన్నది కాగితాన్నీ, దుస్తుల్నీ, మరో పది విషయాల్నీ అడగాలి. మొదట్లో చిరునామా వైపు ఉత్తరం రాయడానికి వీల్లేదు, బొమ్మ పక్కన ఉన్న జానెడు జాగాలోనే రాసుకోవాలి. బ్రిటన్‌లో ఆ నిబంధన సడలింది 1902లో. వెనక గీత గీసి రెండు భాగాలు చేసిన కార్డులు అప్పటినుంచీ వచ్చాయి. ఇలాంటివి తెలిస్తే సగం వయసు చేతిలోనే తెలిసిపోతుంది.

సరే, పాత ఫోటో వేరు, కళగా తీసిన ఫోటో వేరు. ఫోటో అనేది యంత్రం చేసే పని, అందులో కళేమిటి అని పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద తగాదా నడిచింది. కాదు, చిత్రకారుడి చెయ్యి ఎలాగో ఇదీ అలాగే అని వాదించినవాళ్ళు కొందరు. ఇంగ్లండులో ఎమర్సన్ అనే డాక్టరు 1889లో దీని మీద పుస్తకమే రాశాడు. 1892లో లండన్‌లో లింక్డ్ రింగ్ అని ఒక బృందం, 1902లో న్యూయార్కులో స్టీగ్లిట్స్ నాయకత్వంలో మరొకటి ఏర్పడ్డాయి. స్టీగ్లిట్స్ 1903 నుంచి 1917 దాకా ‘కెమెరా వర్క్’ అనే పత్రిక నడిపాడు. అందులో ఫోటోలని రాగిరేకు మీద చెక్కించి సిరాతో అచ్చువేసి అతికించేవాడు. ఆయన సహచరుడు స్టైకెన్ 1904లో తీసిన చెరువు మీద వెన్నెల ఫోటో 2006లో వేలంలో 29 లక్షల డాలర్లు దాటింది. అప్పటి లెక్కన దాదాపు 13 కోట్ల రూపాయలు. మన సంఘంలో అందరి గ్రాట్యుటీ కలిపినా అంత వస్తుందో రాదో కోశాధికారి గారు చెప్పాలి.

అవి మనకి అందేవి కావు. కానీ మనకి దగ్గరివాళ్ళు ఉన్నారు. జూలియా మార్గరెట్ కామెరాన్ అని ఒకావిడ, 1815లో కలకత్తాలో పుట్టింది. కెమెరా పట్టింది నలభై ఎనిమిదో ఏట, కూతురు కానుకగా ఇస్తే. వయసు మీరాక ఇంకేం నేర్చుకుంటాం అనే మిత్రులు ఈవిడని గుర్తుపెట్టుకోవాలి. భర్తకి సిలోనులో కాఫీ తోటలుండేవి, 1875లో అక్కడికి వెళ్ళిపోయి 1879లో అక్కడే పోయింది. ఇంగ్లండులో ఉండగా కవుల్నీ పండితుల్నీ తీసింది, ఇంటి పనమ్మాయిలకి ముసుగువేసి మేరీమాతగా నిలబెట్టింది. సిలోనులో తోటల్లో పనిచేసే కూలీలని తీసింది. ఇంగ్లండు ఫోటోల్లో ఎవరెవరో మనకి పేర్లతో సహా తెలుసు. సిలోను ఫోటోల్లో ఉన్నవాళ్ళకి చాలావాటిలో పేర్లు లేవు. ఈ మాట ఇక్కడ ఆపుతాను, మళ్ళీ దీని దగ్గరికే రావాలి.

ఇంకా దగ్గరివాడు కెప్టెన్ లినేయస్ ట్రైప్. మద్రాసు ప్రభుత్వం 1856లో ఆయన్ని ఫోటోగ్రాఫరుగా నియమించింది. శ్రీరంగం, మధుర, తంజావూరు గుళ్ళన్నీ తీశాడు. మన తెలుగువాళ్ళకి ఆయన చేసిన మేలు వేరే ఉంది. వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన పాలరాళ్ళు మద్రాసు చేర్చారు కదా, వాటిని 1858లో ట్రైప్ వరసగా ఫోటోలు తీశాడు. మరుసటి ఏడు ఆ రాళ్ళు ఓడెక్కి లండన్ వెళ్ళాయి. ఓడ ఎక్కకముందు అవి ఎలా ఉన్నాయో చెప్పే కాగితాలు అవే. ఆయన పనితనం ఏమిటంటే, మైనం పట్టించిన కాగితం నెగటివుల్లో ఆకాశం తెల్లగా బోసిగా వచ్చేది, ఆయన నెగటివు మీద రంగు పూసి మబ్బులు తెప్పించేవాడు. తర్వాత ట్రెవెల్యన్ దొర గవర్నరుగా వచ్చి, ఖజానా ఉన్న పరిస్థితిలో ఫోటోగ్రఫీ విలాసమని తేల్చి ఆ పని ఆపించేశాడు. పొదుపు పేరుతో పోస్టులు రద్దుచేయడం మన కాలంలో మొదలైంది కాదని మీకు మనవి.

హైదరాబాదు వైపు లాలా దీన్ దయాళ్ ఉన్నాడు. ఆయన గురించి మీలో చాలామందికి తెలుసు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు, ఆరో నిజాం దర్బారు ఫోటోగ్రాఫరు, 1905లో పోయాడు. 2006లో మన శాఖే ఆయన మీద స్టాంపు వేసింది. ఆయన ప్రింట్ల మీద నంబరూ సంతకమూ ఉంటాయి, కనుక దొరికితే పోల్చుకోవడం తేలిక. అందుకే దొరకవు కూడా.

మరి ఈ కొండల మాటేమిటి? ఇక్కడికి కెమెరా మోసుకొచ్చినవాళ్ళు ఎక్కువమంది కళ కోసం రాలేదు. కొలతల కోసం వచ్చారు. జాతులని వర్గాలుగా విడదీసి పుస్తకాలకెక్కించే కాలం అది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారి గారితో కలిసి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. రెండో సంపుటంలో గదబలు, మూడోదాంట్లో కొండదొరలు, ఆరోదాంట్లో పోర్జాలు, అంతా అక్షరక్రమంలో. 1940లలో హైమెన్‌డార్ఫ్ వచ్చాడు. వియన్నా మనిషి, జర్మన్ పాస్‌పోర్టు వల్ల యుద్ధకాలంలో శత్రుదేశీయుడై హైదరాబాదు రాజ్యంలో ఉండిపోవలసివచ్చింది. పాపికొండల రెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. ఆయన ఫోటోలు వేల సంఖ్యలో లండన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. కానీ కొలతల కోసం తీసినవాడికి కూడా ఒక్కోసారి కన్ను ఉంటుంది. పొద్దుటి వెలుగు పడే చోటు చూసి మనిషిని నిలబెడతాడు. అలాంటివే నేను వెతికేది.

వెతకడంలో చిక్కులు చెబితే గంట పడుతుంది, ఒకటి రెండు చెబుతాను. పాత ప్రింటు మీద విశాఖపట్నం అని ఉంటే అది మన జిల్లాయే అనుకోనక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం, కోరాపుట్ అన్నీ విశాఖపట్నం జిల్లాలోవే. మన వైపు ఫోటో అని తెచ్చి తీరా చూస్తే అది మాచ్‌ఖండ్ అవతలిది కావచ్చు. దీనికి తిరకాసు కూడా ఉంది. ఇక్కడి జయపురాన్ని రాజస్థాన్ జైపూరు అనుకునే వ్యాపారులున్నారు. ఒకాయన పోర్జా మనుషుల ప్రింటుని ఏనుగులూ కోటలూ ఉన్న ఫోటోల కట్టలో పెట్టి రాజపుటానా అని చీటీ అంటించాడు. నేను నోరు మెదపకుండా డబ్బిచ్చి తెచ్చుకున్నాను.

ఇంకొకటి, పుస్తకంలోంచి కోసిన కాగితాన్ని ఫ్రేము కట్టి అసలు ఫోటో అని అమ్మేవాళ్ళు. పదిరెట్లు పెద్దది చేసే భూతద్దం ఉంటే చాలు. అచ్చుబొమ్మలో వరసగా చుక్కలు కనిపిస్తాయి, మన దినపత్రికలో లాగ. ఫోటోలో చుక్కలుండవు. ఆల్బుమెన్ ప్రింటు, అంటే కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం, 1850 నుంచి ఆ శతాబ్దం చివరిదాకా అదే ఎక్కువ. కాగితం మరీ పల్చన, అందుకే అట్టకి అంటించి ఉంటుంది. ఊదా కలిసిన గోధుమరంగు, తెల్లటి చోట్ల పసుపు తేలుతుంది, భూతద్దం కింద కాగితం పీచు కనిపిస్తుంది. తర్వాత వచ్చిన జెలటిన్ ప్రింటులో పీచు కనపడదు, నల్లటి చోట్ల వయసు మీరాక వెండి మెరుపు తేలుతుంది, ఏటవాలుగా పట్టుకుంటే తెలుస్తుంది. కళగా తీసేవాళ్ళకి ప్రాణం ప్లాటినం ప్రింటు. అందులో వెండి ఉండదు, మెరుపు ఉండదు, వెలిసిపోదు. దానికి ఎదురుగా ఉన్న కాగితం మీద ఏళ్ళ తరబడి దాని నీడ లేతగా దిగుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ప్లాటినం ధర ఆకాశానికెక్కి ఆ పద్ధతి దాదాపు మూలపడింది. నా దగ్గర ప్లాటినం ప్రింటు ఒక్కటే ఉంది, అదీ ఊటీ సరస్సు, మనుషులెవరూ లేరు.

ఇప్పుడు అసలు విషయం.

1991లో హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవుమెంటు మీద ఒక ఆల్బుమెన్ ప్రింటు దొరికింది. పెద్ద బండరాయి ముందు నలుగురు గదబ స్త్రీలు. చెవులకి ఇత్తడి తీగ చుట్టలు భుజాలదాకా వేలాడుతున్నాయి, ఒంటిమీద చెట్టు నార నూలుతో నేసిన చారల గుడ్డ. అట్ట మీద పెన్సిలుతో విశాఖపట్నం కొండలు అని మాత్రం ఉంది. తీసినవాడి పేరు లేదు. కానీ వెలుగు పక్కనుంచి రాయి మీద జారి వాళ్ళ భుజాల మీద ఆగిన తీరు చూస్తే తీసినవాడు మామూలు గుమాస్తా కాదని తెలుస్తుంది. నా దగ్గరున్న అరవై చిల్లరలో అదే నాకు ఇష్టం.

2004లో దాన్ని పెద్దదిగా నకలు తీయించి ఇక్కడికి దగ్గరలో ఒక గదబ గూడేనికి పట్టుకెళ్ళాను. ఆ గూడెం ఉత్తరాలు ఒకప్పుడు నా చేతిమీదుగా వెళ్ళినవే. బాగా వయసు మీరిన అవ్వ ఒకావిడ దాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

“ఇది పనికి కట్టే గుడ్డ కాదు బాబూ, పండక్కి దాచుకునే గుడ్డ. మడత కూడా పోలేదు చూడు. తీసినోళ్ళు చెప్పి కట్టించుంటారు” అంది.

తర్వాత ఎడమ నుంచి రెండో మనిషిని వేలితో చూపించింది. “ఈ పిల్ల చెయ్యి చూడు. పక్కదాని కొంగు పట్టుకుంది. బెదిరిపోయింది పాపం.”

నిజంగానే పట్టుకుని ఉంది. గుడ్డ మడతల్లో కలిసిపోయిన మూడు వేళ్ళు. భూతద్దం కాగితం వయసు చెబుతుంది, ఈ సంగతి చెప్పదు. గుడ్డ నేసిన చేతులకి తెలిసే విషయం అది.

అక్కడే ఆవిడ మనవరాలు ఉంది. బడిలో పాఠాలు చెబుతుంది. ఆ అమ్మాయి అడిగింది, “పోస్టుమాస్టారూ, దీన్ని మీరు ఎంతకి కొన్నారు?” డెబ్భై అయిదు రూపాయలని చెప్పాను. “ఇప్పుడు అమ్మితే ఎంత వస్తుంది?” ఎక్కువే వస్తుందన్నాను. “నిలబడినందుకు వీళ్ళకి ఎంత ఇచ్చుంటారు?”

దీనికి నేనేం చెప్పగలను? ధాత కరువులో, 1876లో మొదలైన ఆ కరువులో, హూపర్ అనే సైనికాధికారి ఎముకలగూళ్ళలాంటి మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసిన ఫోటోలున్నాయి. వాటిని కూడా నేడు పోగుచేస్తారు, వెల కడతారు. కూర్పు బాగుంటుంది. ఆ బాగుండటమే వాటిలో బాధ. మన గదబ స్త్రీల ఫోటో అంత ఘోరమైనది కాదు. ఎవరూ ఆకలితో లేరు. కానీ అడిగింది న్యాయమైన ప్రశ్న.

ఆ నకలు అక్కడే వదిలి వచ్చాను. తర్వాత మరో పదకొండు ఫోటోలకి నకళ్ళు తీయించి వాళ్ళ బడికి ఇచ్చాను. సంతకి వచ్చిన ముసలివాళ్ళు బడికి వెళ్ళి చూసి, ఈ కొండ ఫలానాది, ఈ ఇంటి వాకిలి అలా ఉందంటే ఫలానా జాతివాళ్ళది అని చెబితే ఆ అమ్మాయి ఒక నోటు పుస్తకంలో రాసింది. రెండు ఫోటోల్లో ఊళ్ళు తేలాయి. ఒక దాంట్లో, అది 1940 ప్రాంతం జెలటిన్ ప్రింటు, ఒక మనిషి ఎవరో పేరుతో సహా తేలింది. ఆయన మనవడు వచ్చి దాని ముందు నిలబడి ఫోటో తీయించుకున్నాడు. అవ్వ 2008లో పోయింది. ఆ బండరాయి ఎక్కడుందో చెప్పగలిగేవాళ్ళు ఇక లేరు.

2017లో ఒక వ్యాపారి ఇంటికొచ్చి ఆ గదబ స్త్రీల ప్రింటుకి లక్షా ఇరవై వేలు ఇస్తానన్నాడు. మా అబ్బాయి అమెరికా నుంచి ఫోనులో అమ్మెయ్యమన్నాడు. మా ఆవిడ, ఇన్నాళ్ళూ పెట్టెని తిట్టిన మనిషి, వద్దంది. వాళ్ళు నలుగురూ ఇంట్లో మనుషుల్లా అలవాటైపోయారు, అంది. నేను అమ్మలేదు. వస్తే అది ఎవరింటి గోడకి వెళుతుందో, మళ్ళీ ఈ కొండలవైపు తిరిగి చూస్తుందో చూడదో తెలియదు కదా. విదేశం పంపించాలన్నా, నూరేళ్ళు దాటిన కళాఖండాలని దేశం దాటించడం మీద 1972 నాటి చట్టం ఉంది. పిల్లల సూట్‌కేసుల్లో పాతవి సర్దేముందు మీరు కూడా దాన్ని గుర్తుపెట్టుకోండి.

అయితే నా తదనంతరం ఏమిటి? ఏదైనా మ్యూజియానికి ఇవ్వడం ఒక దారి. అక్కడ చెదలూ చెమ్మా తగలకుండా ఉంటుంది, నిజమే. కానీ బీరువాలోకి వెళ్ళిన కాగితం మళ్ళీ వెలుగు చూడటానికి ఎన్ని దరఖాస్తులు పెట్టాలో మన ఉద్యోగులకి ఒకరు చెప్పాలా? రెండో దారి, ఆ టీచరమ్మకే ఇచ్చెయ్యమని నా పాత సహోద్యోగి ఒకాయన అన్నాడు. నేను అభ్యంతరం చెప్పాను. అరకు వాన, పొయ్యి పొగ, ఒక్క వర్షాకాలం చాలు బూజు పట్టడానికి. ఈ మాట ఆ అమ్మాయితోనే అన్నాను. “మా ఇంట్లో చోళ్ళు ఏళ్ళ తరబడి పాడవకుండా ఉంటాయి మాస్టారూ, ఒక్క కాగితం ఉండదా?” అంది. చోళ్ళూ కాగితమూ ఒకటి కాదు. అయినా ఆ మాటకి నా దగ్గర గట్టి జవాబు లేదు. 2019లో వీలునామాలో రాశాను, ఆ పన్నెండు ప్రింట్లు ఎక్కడ ఉండాలో మా అమ్మాయీ ఆ టీచరమ్మా కలిసి నిర్ణయించాలని, ఎవరూ ఒంటరిగా అమ్మకూడదని. లాయరు గారు ఇలాంటి షరతు నిలవదేమో అన్నారు. రాసి ఉంచండి, నిలిచినంతవరకు నిలుస్తుంది అన్నాను.

ఇక మీతో పని. మీలో అటవీశాఖ వాళ్ళున్నారు, రెవెన్యూ వాళ్ళున్నారు, ఆసుపత్రుల్లో, రైల్వేలో పనిచేసినవాళ్ళున్నారు. 1960లలో ఈ రైలుమార్గం వేసేటప్పుడు ఇక్కడున్నవాళ్ళ పిల్లలు కూడా ఈ సభలో ఉన్నారు. మీ అటకల మీద ట్రంకు పెట్టెల్లో ఏజెన్సీ ఫోటోలు ఉండే ఉంటాయి. ప్రారంభోత్సవాలవీ, బదిలీ వీడ్కోలువీ. మధ్యలో ఆఫీసరు గారు కుర్చీలో, వెనక వరసలో పేరులేని నలుగురు కొండవాళ్ళు. ఆఫీసరు పేరు అందరికీ గుర్తుంటుంది. ఆ వెనక వరస పేర్లు మీకు ఇప్పటికీ గుర్తుంటే దయచేసి రాయండి. బాల్ పెన్నుతో కాదు, అది అవతలికి ఒత్తుకుపోతుంది. మెత్తటి పెన్సిలుతో, వెనకవైపు, అంచున. జిగురు టేపు అంటించకండి. లామినేషన్ అసలే వద్దు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెడితే వేడికి అంటుకుపోతాయి, ఆమ్లం లేని కాగితం దొరికితే అందులో చుట్టండి. కలరా ఉండలు ఫోటోలతోపాటు పెట్టవద్దు. అటక కంటే బీరువా మధ్య అర మంచిది, వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి చూసుకోండి. సెల్‌ఫోనులో నకలు తీసి ఉంచుకుంటే ఉంచుకోండి, కానీ నకలు తీశాం కదా అని అసలుది పాత పేపర్ల వాడికి వేయకండి.

పన్నెండు ప్రింట్లూ ఇవాళ వెంట తెచ్చాను. ఆ మూల కిటికీకి దూరంగా బల్ల మీద పెట్టాను, భూతద్దం కూడా ఉంది. భోజనాలయ్యాక చేతులు శుభ్రంగా తుడుచుకుని వచ్చి చూడండి, అంచులు మాత్రమే పట్టుకోండి. ఆ టీచరమ్మ కూడా నోటు పుస్తకం పట్టుకుని అక్కడే కూర్చుంది. బండరాయి ఎక్కడిదో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆవిడకి చెప్పండి.